బిజినెస్ సైటులో అఫిలియేట్ లింకులు: 46 పేజీల్లో 41 ఎందుకు వదిలేశాం

కుట్టుమిషన్లు సర్వీసు చేస్తూ, పక్కనే కుట్టు క్లాసులు నడిపే సైటు మాది. మొత్తం 46 పేజీలు. అందులో సగానికి పైగా "పై దారం ఎందుకు తెగుతోంది", "కింద దారం గుత్తులుగా ఎందుకు పడుతోంది" లాంటి ప్రశ్నలకు జవాబులే. చదివి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ, ఫోన్ చేసేవాళ్లు తక్కువ. ఎలాగూ చదువుతున్నారు కదా, సూదులు, కత్తెరలు, నూనె, మోటార్లు అమ్మే సైట్లకు అఫిలియేట్ లింకులు పెట్టి, వాటి ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ తీసుకుంటే పోలా అనే ఆలోచన ఇలాంటి సైటు నడిపే ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మేం దాన్ని తేల్చుకోవడానికి ఆరు వారాలు పట్టింది. చివరికి 5 పేజీల్లో మాత్రమే లింకులు పెట్టాం. మిగతావి ఎందుకు వదిలేశామో, పెట్టినచోట ఏం చేయాల్సి వచ్చిందో రాస్తున్నాను.

కమీషన్ శాతం తర్వాత, క్లిక్కు ఖరీదు ముందు

ఇలా కమీషన్ ఇచ్చే కంపెనీల ప్రోగ్రాముల పేజీలు తెరిస్తే మొదట కంటపడేది కమీషన్ శాతం. దాంతో మొదలుపెడితే లెక్క తప్పుతుంది. రివ్యూలు రాసుకునే సైటుకు అమ్మడానికి వేరే ఏమీ ఉండదు కాబట్టి విజిటరు బయటికి వెళ్తే పోయేదేమీ లేదు. మనకు అలా కాదు. బయటికి వెళ్లినవాళ్లలో మనకు ఫోన్ చేయాల్సినవాళ్లు కూడా ఉంటారు. కాబట్టి ఒక క్లిక్కుతో ఎంత వస్తోంది, అదే క్లిక్కుతో ఎంత పోతోంది అని రెండు అంకెలు కావాలి.

వచ్చేది తేలిగ్గానే తేలుతుంది. వస్తువు ధర 1,000 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. కమీషన్ 4 శాతం. లింకు నొక్కిన 100 మందిలో 5 మంది కొంటారనుకుంటే కమీషన్ 200. అందులో పదో వంతు వాపసుల్లో, క్యాన్సిళ్లలో పోతుంది, మిగిలేది 180. అంటే క్లిక్కుకు 1.80. ఇక రెండో వైపు. ఒక సర్వీసు పని మీద ఖర్చులన్నీ పోగా 500 మిగులుతుందనుకోండి. 500ని 1.80తో భాగిస్తే దాదాపు 278. లింకు నొక్కిన 278 మందిలో మనకు రావాల్సిన పని ఒక్కటి దారి మళ్లినా ఆ మొత్తం కమీషన్ హుళక్కే. పేజీ చదివినవాళ్లలో వందకు నలుగురు లింకు నొక్కుతారనుకుంటే, 278 క్లిక్కులు రావాలంటే దాదాపు 7,000 మంది ఆ పేజీకి రావాలి. ఏడు వేల మందిలో ఒక్క కస్టమరు! మా క్లాసుల ఫీజు పెట్టి ఇదే లెక్క వేస్తే ఇంకా ఘోరంగా వచ్చింది.

మీ అంకెలు వేరుగా ఉంటాయి. ధర ఎక్కువున్న వస్తువైతే, నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్ అయితే క్లిక్కు విలువ పెరుగుతుంది. కానీ ఈ భాగహారం చేయకుండా ఏ ప్రోగ్రాములోనూ చేరొద్దు. ఎంక్వయిరీలు ఏ పేజీ నుంచి వస్తున్నాయో తెలియని సైటైతే ముందు ఆ పని చూసుకోవాలి, అఫిలియేట్ సంగతి తర్వాత.

పేజీలను మూడు కుప్పలు వేశాం

లెక్క సైటు మొత్తానికి ఒక్కటే అనుకోవడం మరో పొరపాటు. పేజీని బట్టి మారుతుంది. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో పేజీకి జనం ఏ మాటలు వెతికి వస్తున్నారో చూసి 46 పేజీలనూ మూడు కుప్పలుగా విడదీశాం.

మొదటి కుప్ప డబ్బు పేజీలు: సర్వీసు ధరలు, క్లాసుల వివరాలు, ఫోన్ నంబరు, బుకింగ్. వీటిలో బయటి లింకు ఒక్కటి కూడా ఉండకూడదు. దీనికి చర్చ అక్కర్లేదు.

రెండో కుప్పే అసలు చిక్కు. అన్నీ మరమ్మతు పేజీలు. పై దారం తెగే సమస్యనే చూడండి. సూది వంగి ఉండొచ్చు, తిరగేసి పెట్టి ఉండొచ్చు, టెన్షన్ బిగిసి ఉండొచ్చు, దారం పాతబడి ఉండొచ్చు, షటిల్ మొన మీద గీత పడి ఉండొచ్చు. చదివేవాళ్లు మొదటి నాలుగూ ఒక్కొక్కటే చూసుకుంటారు. అయినా దారం తెగుతుంటే ఐదోదాని దగ్గరికి వచ్చి ఫోన్ చేస్తారు. ఆ వరసలో మొదటి దగ్గరే "కొత్త సూదులు ఇక్కడ కొనండి" అని లింకు పెడితే ఏమవుతుంది? కొంతమంది అక్కడే బయటికి వెళ్లిపోతారు. సూదులు ఇంటికొచ్చేసరికి మన పేజీ గుర్తుండదు.

ఇంకో పెద్ద ఇబ్బంది ఉంది, అది అంకెల్లో కనపడదు. రిపేరు చేసేవాడి మాటకు విలువ ఉండేది, ఆ మాటలో అతనికి లాభం లేదని అవతలివాళ్లు నమ్మినంతకాలమే. "మోటారు పోయింది, మార్చాలి" అని రాసి ఆ కిందే మోటారు కమీషన్ లింకు పెడితే, నిజంగానే మోటారు పోయినా చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. అందుకని మేం లోపం కనిపెట్టి మార్చమని చెప్పే ఏ భాగానికీ లింకు పెట్టకూడదని రాసిపెట్టుకున్నాం. ఆ ఒక్క మాటతో 20కి పైగా పేజీలు లిస్టులోంచి ఎగిరిపోయాయి.

మూడో కుప్ప మనకు ఎప్పటికీ ఫోన్ చేయనివాళ్లు చదివే పేజీలు. "ఏ బట్టకు ఏ నంబరు సూది" అన్న పేజీ ఇలాంటిదే. పల్చటి బట్టకు 11, మామూలు కాటన్‌కు 14, మందపాటి దానికి 16, జీన్స్‌కు 18 అని చూసుకుని వెళ్లిపోతారు. వాళ్ల మిషన్ బాగానే ఉంది, సర్వీసుతో పనిలేదు, సూదులు మాత్రం ఎక్కడో ఒకచోట కొంటారు. గడిచిన ఏడాదిలో ఇలాంటి పేజీల నుంచి ఒక్క ఎంక్వయిరీ అయినా వచ్చిందా అని వెనక్కి వెళ్లి చూశాం. రాని పేజీలు తొమ్మిది తేలాయి. వాటిలో పోయేది సున్నా కాబట్టి వచ్చిందంతా లాభమే. ఇక పరీక్ష ఈ తొమ్మిదింటికే.

కొత్త మిషన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ధర ఎక్కువ కాబట్టి కమీషన్ ఊరిస్తుంది. కానీ కొత్త మిషన్‌తో పాటు తయారీదారు వారంటీ, వాళ్ల సర్వీసు మనిషి కూడా కస్టమరు ఇంటికి వెళ్తారు. మన లింకుతో మన పనిని మనమే ఇంకొకరి చేతిలో పెట్టినట్టు. అందుకే మిషన్లు వద్దనుకున్నాం.

చేరకముందే పరీక్ష

చాలామంది ముందు ప్రోగ్రాములో చేరి తర్వాత లింకులు పెడతారు. మేం తిరగేసి చేశాం. తొమ్మిది పేజీల్లోనూ కమీషన్ లేని మామూలు లింకులు పెట్టి నాలుగు వారాలు వదిలేశాం. సైటుకు వచ్చేవాళ్లను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4లో మెరుగైన కొలతలు (ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్) ఆన్‌లో ఉంటే బయటి లింకుల క్లిక్కులు వాటంతటవే నమోదవుతాయి, విడిగా కోడు రాయక్కర్లేదు.

ఇలా చేయడానికి కారణం ఉంది. అమెజాన్ వాళ్ల అఫిలియేట్ ప్రోగ్రామైన అమెజాన్ అసోసియేట్స్‌లో చేరిన రోజు నుంచి 180 రోజుల్లో కనీసం 3 అర్హమైన అమ్మకాలు రాకపోతే ఖాతా మూసేస్తారు. సొంతానికి కొనుక్కున్నవి లెక్కలోకి రావు. ఏ పేజీలో క్లిక్కులు వస్తాయో తెలియకుండా చేరితే ఆ గడువులో సగం ప్రయోగాలకే సరిపోతుంది. మామూలు లింకులతో ముందే చూసుకుంటే, చేరిన రోజునే పనికొచ్చే పేజీలు చేతిలో ఉంటాయి.

పరీక్షలో తొమ్మిది పేజీల్లో నాలుగు తేలిపోయాయి. క్లిక్కులు లేవు. సూది నంబర్ల పేజీ ఒక్కదానికి వచ్చినన్ని క్లిక్కులు మిగతా పేజీలన్నీ కలిపినా రాలేదు. లింకు ఉన్న చోటు కూడా తేడా చూపింది: పేజీ చివర "మేం సిఫార్సు చేసేవి" అని పెట్టిన పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు, పట్టికలో 14 నంబరు వరసలోనే పెట్టిన లింకును నొక్కారు.

ఒక హెచ్చరిక. ఇదే పరీక్షతో "లింకు పెడితే ఎంక్వయిరీలు తగ్గాయా" అని తేల్చాలని చూడకండి. నెలకు ఎనిమిది ఫోన్లు వచ్చే సైటులో ఆరు వస్తే అది లింకు వల్లా, పండగ వల్లా, ఉత్త యాదృచ్ఛికమా ఎవరూ చెప్పలేరు. అంత చిన్న అంకెలు దేన్నీ రుజువు చేయవు. అందుకే ఆ ప్రశ్నను పేజీల విభజనతోనే తేల్చుకున్నాం, పరీక్షకు వదల్లేదు.

షరతులు చదవడం: ఎక్కడ ఆగి చదవాలి

ఒప్పందం పొడుగ్గా ఉంటుంది. కొన్ని చోట్ల మాత్రం ఆగి చదవాలి.

కుకీ గడువు: కుకీ అంటే ఎవరి లింకు నుంచి వచ్చారో బ్రౌజరులో గుర్తుపెట్టే చిన్న ఫైలు. క్లిక్కు తర్వాత ఎన్నాళ్లలోపు కొంటే కమీషన్ మనది అన్నది ఇదే. అమెజాన్‌లో 24 గంటలు. ఆ లోపు బుట్టలో వేసుకుంటే గడువు పెరుగుతుంది. వేరే ప్రోగ్రాముల్లో 30 రోజులు మామూలు. అయితే కాగితం మీది 30 రోజులు ఆచరణలో అన్ని బ్రౌజర్లలోనూ నిలవవు. ఆపిల్ బ్రౌజరు సఫారీ 2019 నుంచి జావాస్క్రిప్ట్‌తో (పేజీలో నడిచే కోడుతో) పెట్టిన కుకీలను 7 రోజులకు కుదించింది, 2020 నుంచి మూడో పక్షం కుకీలను, అంటే తెరిచిన సైటు కాక వేరే సైట్లు పెట్టేవాటిని, పూర్తిగా ఆపేసింది. అవతలి కంపెనీ బ్రౌజరు మీద ఆధారపడకుండా తన సర్వరు వైపు నుంచి ట్రాక్ చేస్తోందా అని అడిగి తెలుసుకోవాలి. జవాబు చెప్పలేకపోతే 30ని 7గానే లెక్కేసుకోండి.

చివరి క్లిక్కు నియమం: మన లింకు నొక్కి వెళ్లినవాళ్లు కొనే ముందు ఒక కూపన్ సైటు లింకు నొక్కితే కమీషన్ చాలావరకు ఆ కూపన్ సైటుకే పోతుంది. వస్తువు గురించి చెప్పింది మనం, డబ్బు వాళ్లది. కూపన్లు ఎక్కువ తిరిగే వస్తువుల జోలికి పోకపోవడానికి మాకు ఇది చాలింది.

రేట్లు మార్చే హక్కు: ఇది దాదాపు అన్ని ఒప్పందాల్లోనూ వాళ్లదే. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో ఫర్నిచర్, ఇంటి మరమ్మతు సామాన్ల కమీషన్‌ను 8 శాతం నుంచి 3కి, కిరాణా కమీషన్‌ను 5 నుంచి 1కి దించింది. ముందు చెప్పిన భాగహారాన్ని సగం కమీషన్‌తో మరోసారి చేయండి. అప్పుడూ నిలబడితేనే ముందుకెళ్లాలి.

చేయకూడనివి: అమెజాన్ లింకులను అచ్చు కాగితాల మీద వేయకూడదు. సర్వీసు బిల్లు అడుగున క్యూఆర్ కోడు వేద్దామనుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ధరను చేత్తో టైపు చేసి పెట్టకూడదు, వాళ్ల కస్టమర్ల రివ్యూలు కాపీ చేయకూడదు, బొమ్మలు దింపుకుని మన సర్వరులో పెట్టుకోకూడదు. నియమం తప్పామని ఖాతా మూసేస్తే అప్పటిదాకా జమైన కమీషన్ కూడా పోవచ్చు.

చెల్లింపు: వాపసు గడువు ముగిసేదాకా కమీషన్ పెండింగులోనే ఉంటుంది, ఆపైన కనీస మొత్తం దాటాలి. చిన్న సైటు మూడు నాలుగు ప్రోగ్రాముల్లో చేరితే ఏ ఒక్కదాంట్లోనూ కనీస మొత్తం దాటక అన్నిచోట్లా చిల్లర ఇరుక్కుపోతుంది. మేం రెండింటితో ఆపేశాం. ఆదాయాన్ని ఖాతాల్లో సర్వీసు ఆదాయంతో కలపకుండా విడిగా చూపించాలి. అమెరికా కంపెనీ చెల్లించేదైతే పన్ను ఫారం ముందే నింపాలి, లేకపోతే డబ్బు ఆగుతుంది.

లింకు పెట్టే తీరు

లింకు కోడులో "స్పాన్సర్డ్" అన్న రెల్ విలువ ఇవ్వాలి, అంటే ఇది డబ్బు వచ్చే లింకని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు. గూగుల్ దీన్ని 2019 సెప్టెంబరులో తెచ్చింది. పాత "నోఫాలో" కూడా చెల్లుతుంది. ఏదీ ఇవ్వకుండా వదిలేస్తే డబ్బు తీసుకున్న లింకును మామూలు సిఫార్సుగా చూపినట్టవుతుంది. మన సర్వీసు పేజీల ర్యాంకు కూడా అదే డొమైన్ మీద ఆధారపడి ఉంది కదా, కొద్దిపాటి కమీషన్ కోసం దాన్ని పణంగా పెట్టడం తెలివైన పని కాదు. అలాగే కంపెనీ ఇచ్చిన వర్ణననే అతికించి లింకు పెడితే గూగుల్ దాన్ని పస లేని అఫిలియేట్ పేజీగా చూస్తుంది. "మీ సైటులో మేం కూపన్ల విభాగం నడుపుతాం, నెలనెలా ఇంత ఇస్తాం" అని వచ్చే మెయిళ్లకు జవాబు కూడా ఇవ్వొద్దు. సైటుకున్న పేరును అలా బయటివాళ్లకు అద్దెకివ్వడాన్ని గూగుల్ 2024లో స్పామ్ నియమాల్లో చేర్చింది.

కమీషన్ తీసుకుంటున్నామన్న ప్రకటన మొదటి లింకు కన్నా పైన, మామూలు అక్షరాల సైజులో ఉండాలి. అడుగున ఫుటర్లోనో, విడిగా ఒక పేజీలోనో పెడితే సరిపోదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు స్పష్టంగా, తప్పక కంటపడేలా ఉండాలంటాయి. చాలా దేశాల నియమాల సారం కూడా అదే. మేం రాసింది ఇంతే: "ఈ పేజీలోని సూదుల లింకుల ద్వారా మీరు కొంటే మాకు కమీషన్ వస్తుంది. మీకు ధర మారదు. మేం సర్వీసులో మార్చే భాగాలకు కమీషన్ లింకులు పెట్టం." మూడో వాక్యం ఏ చట్టమూ అడగలేదు. నిజానికి మాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

అమెజాన్ కాని ప్రోగ్రాముకు లింకులన్నీ మా సైటులోనే ఒక ఫోల్డరు గుండా మళ్లించాం, రేపు ప్రోగ్రాము మారితే ఒక్కచోట మారిస్తే చాలని. మళ్లింపు 302 (తాత్కాలికం) ఉండాలి, 301 (శాశ్వతం) కాదు. 301 శాశ్వతమని బ్రౌజరు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మనం గమ్యం మార్చినా పాత విజిటర్లు పాత చోటికే పోతారు. సెర్చ్ ఇంజన్లు ఆ ఫోల్డరులోకి రాకుండా రోబోట్స్ ఫైల్లో ఆపేయాలి. అమెజాన్ లింకులను మాత్రం ఇలా దాచకుండా నేరుగానే ఇచ్చాం, ఎక్కడికి వెళ్తున్నారో తెలియకుండా చేయడం వాళ్ల నియమాలకు విరుద్ధం. ఒక్కో పేజీకి వేరు ట్రాకింగ్ ఐడీ పెట్టాం. లేకపోతే కమీషన్ ఏ పేజీది అన్నది ఎప్పటికీ తెలియదు.

ఏవి చెడిపోతాయి

సూదులతోనే చెప్తాను. ఇళ్లలోని మిషన్లకు హెచ్ఏ×1 రకం సూది, దాని కాడకు ఒక పక్క చదునుగా ఉంటుంది. ఫ్యాక్టరీ మిషన్లకు డీబీ×1, కాడ గుండ్రంగా, సన్నగా ఉంటుంది. రెండింట్లోనూ 14 నంబరు ఉంది. "14 నంబరు సూదులు" అని మాత్రమే రాసి లింకు పెడితే ఇంటి మిషన్ ఉన్నవాళ్లు డీబీ×1 పెట్టె తెప్పించుకుంటారు. అది బిగింపులో సరిగ్గా కూర్చోదు, కుట్లు వదిలేస్తుంది. వాళ్లు పెట్టె వాపసు పంపుతారు, మన కమీషన్ రద్దవుతుంది, పైగా "మీరు చెప్పిందే కొన్నాం" అని ఫోన్ మనకే వస్తుంది. ఆ ఫోన్‌కు పట్టే పది నిమిషాల ఖర్చు ఆ పెట్టె మీద వచ్చే కమీషన్ కన్నా ఎక్కువ. అందుకని లింకు పక్కనే "కాడకు ఒక పక్క చదునుగా ఉంటే ఇది" అని రాసి, రెండు సూదుల కాడలు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో పెట్టాం. వాపసుల శాతం పెరిగితే తప్పు వస్తువుదేనని అనుకోకండి, ముందు మన వాక్యం చదువుకోండి.

చచ్చిన లింకులు రెండు రకాలు. పేజీ తీసేస్తే 404 వస్తుంది, లింకు చెక్కరు పట్టేస్తుంది. కానీ వస్తువు అయిపోయినప్పుడు పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది, లోపల "ప్రస్తుతం లేదు" అని, దాని కింద వేరేవాళ్ల వస్తువులు ఉంటాయి. దాన్ని మామూలు లింకు చెక్కరు పట్టుకోలేదు. నెలకోసారి చేత్తో నొక్కి చూడాల్సిందే. అప్పుడే బ్రౌజరు అడ్రసులో మన ఐడీ చివరిదాకా నిలిచిందా అని కూడా చూడాలి, మధ్యలో మళ్లింపుల్లో అది రాలిపోవడం మామూలే. యాడ్ బ్లాకరు ఆన్ చేసి మరోసారి నొక్కండి. కొన్ని నెట్‌వర్కుల ట్రాకింగ్ డొమైన్లను బ్లాకర్లు ఆపేస్తాయి, అప్పుడు ఖాళీ పేజీ వస్తుంది. చూసేవాళ్లు మన సైటే పాడైందనుకుంటారు.

ఈ చూసుకోవడానికి మాకు నెలకు రెండు గంటలు పడుతోంది. ఆ రెండు గంటల కూలీని కూడా కమీషన్లోంచి తీసేయాలి. తీసేస్తే ఐదు పేజీల్లో రెండు బొటాబొటిగా నిలిచాయి.

ఈ లింకుల వల్ల ఇంకో దారి కూడా కనపడింది. ట్రాకింగ్ రిపోర్టులో ఏ సూదుల పెట్టె నెలనెలా కదులుతోందో తెలుస్తుంది కదా. సూదులు తేలిక, చెడిపోవు, కవరులో పోస్టు చేయొచ్చు. టోకున తెచ్చి మనమే అమ్మితే మిగిలేది 4 శాతం కన్నా చాలా ఎక్కువ, పైగా కస్టమరు పేరు, అడ్రసు మన దగ్గరే ఉంటాయి. మోటార్ల లాంటి బరువైనవి, వారంటీ గొడవలు ఉండేవి అయితే ఈ పని చేయను. ఇప్పుడు 14, 16 నంబర్ల పెట్టెలు రెండూ మా దగ్గరే పెట్టుకున్నాం. ఆ రెండు వరసల్లోని అఫిలియేట్ లింకులు తీసి మా ఆర్డరు ఫారం పెట్టాం. నెలకు ఒకటీ అరా కదిలే 11, 18 నంబర్లకు మాత్రం పాత లింకులే ఉన్నాయి.